మైలాపూరు పద్దు

తమిళనాడు ప్రభుత్వం 2003లో అధిక వడ్డీలను నిషేధిస్తూ ఒక చట్టం చేసింది. అందులో వడ్డీల పేర్లు వరసగా కనిపిస్తాయి: దినవడ్డీ, గంట వడ్డీ, కందు వడ్డీ, మీటర్ వడ్డీ, తండల్. ఆటోకి తిరిగినట్టు అప్పుకీ మీటరు తిరుగుతుందన్నమాట. చివరిదైన తండల్ చెన్నై వీధుల్లో ఇప్పటికీ వినపడే మాట. తమిళంలో దానికి వసూలు అని అర్థం. తెలుగు చెవికి మాత్రం మన ‘దండుకోవడం’ అన్న మాటకు దగ్గరి చుట్టంలా తగులుతుంది.

దాని లెక్క సులువు. పదివేలు అడిగితే వడ్డీ ముందే కోసుకుని ఎనిమిదిన్నర వేలు చేతిలో పెడతారు. మర్నాటి నుంచి రోజుకు వంద చొప్పున వంద రోజులు కట్టాలి. పైకి నూటికి పదిహేనులా ఉంటుంది. అసలు రోజూ తరిగిపోతూనే ఉంటుంది గనక, ఏడాదికి కట్టి చూస్తే నూటికి నూటముప్పై దగ్గర తేలుతుంది. కపాలీశ్వరస్వామి కోనేటి గట్టున పూలమ్ముకునే మనిషికి ఈ రెండో లెక్క తెలియదనుకుంటే మనమే అమాయకులం. తెల్లవారుజామున కోయంబేడు మార్కెట్టులో మల్లెలు ఎత్తాలంటే ఆ వేళకి డబ్బు చేతిలో ఉండాలి. ఆ వేళకి తలుపు తీసి ఉండే బ్యాంకు లేదు. తలుపు తీసేది తండల్ మనిషే.

మైలాపూరు చూడబోయేవారికి గోపురం, మాడవీధులు, కాఫీ, డిసెంబరు కచేరీలు ఎవరైనా చెబుతారు. ఇప్పుడైతే వాటి మధ్య మెట్రో తవ్వకాల దుమ్ము కూడా ఉంది. నేను వెళ్లింది వీటన్నిటికీ కాస్త ఎడంగా ఉన్న భీమసేన గార్డెన్ వీధి కోసం. వీధి వ్యాపారాల ఆడవాళ్లు కట్టుకున్న సంఘం, వర్కింగ్ విమెన్స్ ఫోరం చిరునామా అది. ఆ సంఘానికి ఊరూరా ఉన్నన్ని గుర్తులు సొంత ఊళ్లో లేవు. ఆటో అతనికి వీధి పేరు చెబితే తెలిసింది గాని, సంస్థ పేరు చెబితే ‘ఏ ఆఫీసు?’ అన్నాడు.

తెలుగువాళ్లకి మైలాపూరంటే ఇంకో సంగతి గుర్తుకు రావాలి. 1937లో దుర్గాబాయి ఆంధ్ర మహిళా సభకు అంకురం వేసింది ఈ పేటలోనే. పెళ్లయి, చదువు ఆగి, ఇంట్లో చిక్కుకుపోయిన ఆడవాళ్లని పరీక్షలకు కూర్చోబెట్టే పనితో ఆ సభ ఎదిగింది. నలభై ఏళ్ల తరవాత అదే పేటలో పుట్టిన ఫోరంకి వచ్చినవాళ్ల కథ వేరు. వాళ్లు ఎప్పుడో గడప దాటారు. రోడ్డు మీద గంప పెట్టుకు కూర్చున్నారు. వాళ్లకి కావలసింది గంపలోకి సరుకు.

జయా అరుణాచలం అప్పటికి కాంగ్రెస్ పార్టీ కార్యకర్త. 1977లో మద్రాసు మురికివాడల్లో వరద సహాయం పంచుతూ తిరిగినప్పుడు ఆమెకు ఎదురైన ఆడవాళ్లు పొట్లాల గురించి గాక వడ్డీల గురించి మాట్లాడారు. సహాయం నాలుగు రోజులకి సరిపోతుంది, వ్యాపారానికి పెట్టుబడి ఎవరిస్తారన్నది వాళ్ల ప్రశ్న. ఆమె పార్టీని వదిలేశారు. 1978లో 800 మందితో ఫోరం మొదలైంది. కూరగాయలు, పూలు, చేపలు అమ్మేవాళ్లు, ఇడ్లీ బండ్లవాళ్లు, పాత బట్టలకు స్టీలు గిన్నెలిచ్చేవాళ్లు, ఇలా ఏ కార్మిక సంఘం లెక్కలోకీ రాని జనం.

మొదట వాళ్లు జాతీయ బ్యాంకుల దగ్గరికే వెళ్లారు. 1972 నుంచి అమల్లో ఉన్న ఒక పథకం కింద బీదవాళ్లకి నూటికి నాలుగు వడ్డీకే అప్పివ్వాలి. కాగితం మీద నాలుగు, వీధిలో నూటముప్పై. ఈ రెంటి మధ్య వంతెన ఎవరు వేస్తారు? బ్యాంకు మేనేజరు దృష్టిలో చేపల గంప తాకట్టుకి పనికిరాదు. ఆ తాకట్టు స్థానంలో ఫోరం పెట్టింది ఇరుగుపొరుగుని.

ఒకే వీధిలో, ఒకే జాలరి కుప్పంలో ఉండే పది నుంచి ఇరవై మంది ఒక జట్టు. జట్టుకి వాళ్లలోంచే ఒక నాయకురాలు. ఎవరికి అప్పు కావాలో, నిజంగా వ్యాపారం ఉందో లేదో, ఇంటి రాబడి ఎంతో మొదట చూడవలసింది ఆవిడే. ఒకరి అప్పుకి అందరూ హామీ. ఒకరు ఎగ్గొడితే తక్కినవాళ్ల తరవాతి అప్పు ఆగిపోతుంది. మగవాళ్లకి సభ్యత్వం లేదు. ఏ పార్టీ జెండా కిందికీ వెళ్లరు. కట్నం ఇచ్చిపుచ్చుకోవడాలకు వ్యతిరేకంగా నిలబడతారు. కులాంతర వివాహం చేసుకున్న జయ ఫోరం వేదిక మీద కులాంతర పెళ్లిళ్లు కూడా జరిపించారు.

ఈ నిబంధనలు చదివితే చాలావరకు మన పొదుపు సంఘాల తీర్మానాల్లాగే ఉంటాయి. తేడా ఎక్కడుందంటే, వీటిని ఎవరూ సర్క్యులర్‌గా పంపలేదు. ఉదాహరణకి ‘ఒకే వీధి’ అన్న షరతు తీసుకోండి. బ్యాంకు అధికారి విచారణకు వస్తే ఆయనకు గంప మాత్రమే కనిపిస్తుంది. ఎదురింటావిడకి మాత్రం మొగుడు ఏ రాత్రి తాగి వచ్చాడో, ఆ గంప నిన్న ఎవరింటి నుంచి అరువు వచ్చిందో, చిన్నదానికి జ్వరం ఎన్నాళ్ల నుంచో అన్నీ తెలుసు. ఎగవేతకీ ఇబ్బందికీ తేడా చెప్పగలిగేది ఆ కన్నే. అసలు ఇటువంటి సంఘాల కీలకమంతా అక్కడే ఉందని నాకనిపిస్తుంది. కట్టలేనిదానికి వాయిదా ఇవ్వాలి, కట్టననేదాన్ని నిలదీయాలి. దూరాన కూర్చున్నవాడు ఈ రెంటినీ ఒకే గాటన కట్టేస్తాడు.

తిరిగి కట్టడం నూటికి తొంభై పైనే నడిచింది. అయినా బ్యాంకులతో పొసగలేదు. గంప దింపి, పూట బేరం పోగొట్టుకుని వెళితే ‘రేపు రా’ అనడం, దరఖాస్తులు నెలల తరబడి ఆగడం, కౌంటరు దగ్గర చిన్నచూపు. మీ డబ్బు మీ వేళకి రాకపోతే అది నాలుగు వడ్డీ అయినా మళ్లీ తండల్ దగ్గరికే పంపుతుంది. అందుకే 1981లో వాళ్లు సొంత సహకార సంఘం పెట్టుకున్నారు. అదే తరవాత ఇండియన్ కోఆపరేటివ్ నెట్‌వర్క్ ఫర్ విమెన్ అయింది. దానికి ముందు 1974లో అహ్మదాబాదులో ఇలాబెన్ భట్ సేవా బ్యాంకు పెట్టి ఉన్నారు. బంగ్లాదేశ్‌లో యూనస్ ప్రయోగం గ్రామీణ బ్యాంకుగా చట్టబద్ధమైంది 1983లో. ఈ రెంటి మధ్యలో మద్రాసు ఉంది. ప్రపంచమంతా మైక్రోక్రెడిట్ అన్న మాట నేర్చుకునేసరికి మైలాపూరు ఆడవాళ్లు తమ సొసైటీలో వాటాదార్లు. జయకు 1987లో పద్మశ్రీ వచ్చింది. 2019లో ఆమె కన్నుమూశారు.

మెచ్చుకోలు ఇక్కడితో ఆపి ఒక ఇబ్బందికరమైన సంగతి చెప్పుకోవాలి. ఎదురింటి కన్ను కాపలా కాస్తుంది, అదే కన్ను కాటు కూడా వేస్తుంది. నాయకురాలు ఎవరి పేరు రాస్తే వాళ్లకే అప్పు అయినప్పుడు ఆవిడ కాపలాదారూ అవుతుంది, గేటు తాళమూ అవుతుంది. నచ్చనివాళ్ల దరఖాస్తు అడుగున పడుతుంది. ‘మా అక్క సంతకం పెట్టమంది, పెట్టాను’ అనే మాట మన ఊళ్ల సంఘాల్లో వినని వాళ్లెవరు? ఒకరి పేర అప్పు, ఇంకొకరి వాడకం. పుస్తకంలో మాత్రం అంతా సరిగ్గానే ఉంటుంది.

ఫోరం మద్రాసు దాటి తంజావూరు తీరాన అధిరాంపట్టణం జాలరి మహిళల దగ్గరికీ, దిండుక్కల్ పాడి రైతుల దగ్గరికీ వెళ్లింది. 1980 ప్రాంతంలో పశ్చిమ గోదావరి జిల్లా నర్సాపురానికి వచ్చింది. మనకి ఆసక్తి ఇక్కడే.

నర్సాపురం లేసు పని పంతొమ్మిదో శతాబ్దంలో క్రైస్తవ మిషనరీలు నేర్పింది. దారం వ్యాపారి ఇస్తాడు, అల్లినది వ్యాపారే తీసుకుంటాడు, రేటు ఆయనే చెబుతాడు. జర్మన్ సామాజిక శాస్త్రవేత్త మరియా మీస్ ఆ ఊళ్ల చుట్టూ తిరిగి 1982లో ప్రచురించిన పుస్తకంలో పట్టుకున్న విషయం పదునైనది. విదేశాలకు ఎగుమతయ్యే సరుకు చేస్తున్నవాళ్లని ఊరు పనివాళ్లుగా లెక్కించలేదు, వాళ్లూ లెక్కించుకోలేదు. తీరిక వేళలో ఏదో అల్లుకునే గృహిణులన్నారు. తీరిక వేళ అన్నాక కూలి అడగడానికి నోరు రాదు.

మైలాపూరు సూత్రం అక్కడ ఉన్నపళంగా అతకదు. చేపలమ్మే మనిషి రోజంతా పదిమందిలో ఉంటుంది. పక్క గంపతో పోట్లాడుతూనే పక్క గంపకి చిల్లర ఇస్తుంది. లేసు అల్లే మనిషి అరుగు మీదో వంటింట్లోనో ఒంటరిగా కూర్చుంటుంది. గడప దాటకపోవడమే మర్యాద అనుకునే ఇళ్లు చాలా ఉండేవి. పక్కింటావిడకి ఎంత రేటు కట్టారో అడగాలన్నా మొహమాటమే. కాబట్టి అక్కడ సంఘం చేసిన మొదటి మేలు అప్పు కంటే ముందు, అందర్నీ ఒకచోట కూర్చోబెట్టడం. కూర్చుంటే రేట్లు బయటపడతాయి. దారం కొనుక్కునే పెట్టుబడి సొంతమైతే అల్లినదాన్ని ఎవరికి అమ్మాలన్నది కొంతైనా సొంతమవుతుంది. నర్సాపురం లేసుకి 2024లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. అది సరుకుకి వచ్చిన గుర్తింపు. అల్లిన వేళ్లకి రేటు ఎంతన్న ప్రశ్న వేరే పుస్తకంలో ఉంది.

చెన్నైకి తిరిగి వద్దాం. నుంగంబాక్కం, వళ్లువర్ కోట్టం రోడ్డు మీద అన్నై తెరెసా మగళిర్ వళాగం అని ఒక ప్రభుత్వ భవన సముదాయం ఉంది. 1983లో ఏర్పడిన తమిళనాడు మహిళాభివృద్ధి సంస్థ ఇల్లు అది. రాష్ట్రం మొత్తం మీద సంఘాల గ్రేడింగులు, శిక్షణలు, లెక్కలు అక్కడికి చేరతాయి. అంతర్జాతీయ వ్యవసాయాభివృద్ధి నిధి సాయంతో ఆ సంస్థ మొదటి సంఘాలు కట్టింది చెన్నైలో కాదు, 1989లో ధర్మపురి జిల్లాలో. అప్పటికి కృష్ణగిరి, హోసూరు ధర్మపురిలోనే ఉన్నాయి, 2004 వరకూ విడిపోలేదు. హోసూరు, దేన్కనికోట ప్రాంతాల్లో చాలా పల్లెల్లో ఇంటి భాష తెలుగు. తమిళనాట స్వయం సహాయక సంఘాలకు పురిటిగడ్డ తెలుగు కూడా మాట్లాడే జిల్లా అన్నమాట. మన పుస్తకాల్లో ఈ మాట ఎందుకో కనిపించదు.

ధర్మపురి అనుభవం రాష్ట్రమంతటికీ ‘మగళిర్ తిట్టం’గా పాకింది 1997లో. ఈలోగా 1992లో నాబార్డు 500 సంఘాలను బ్యాంకులకు జోడించే ప్రయోగం మొదలుపెట్టింది. నెల్లూరు జిల్లాలో దూబగుంట నుంచి రేగిన సారా ఉద్యమం వేడి చల్లారకముందే అక్కడి ఆడవాళ్లు రోజుకో రూపాయి పొదుపు మొదలెట్టారు, పొదుపులక్ష్మి అన్న పేరు అలా నిలిచింది. తరవాత వెలుగు, ఇందిరా క్రాంతి పథం. వాటి వెంట పంచసూత్రాలు: క్రమం తప్పని సమావేశం, పొదుపు, అంతర్గత అప్పు, తిరిగి చెల్లింపు, పుస్తకాల నిర్వహణ. మండల సమాఖ్య గోడ మీద రంగుల్లో రాసి ఉండే ఈ ఐదింటిలో నాలుగు డబ్బు గురించి, ఒకటి హాజరు గురించి. నాయకురాలు ఎన్నాళ్లకి మారాలన్నది వాటిలో లేదు.

ఆ ఆరోదాన్ని పట్టుకున్నవాళ్లు మన దగ్గర ఉన్నారు. హైదరాబాదు కేంద్రంగా పనిచేసిన సహకార వికాస సంస్థ 1990ల మొదట్లో వరంగల్ ప్రాంతంలో మహిళా పొదుపు సంఘాలు కట్టింది. ఆ సంస్థకు చెందిన రామారెడ్డి గారు ఏళ్ల తరబడి పోరాడిన ఫలితమే 1995 నాటి పరస్పర సహాయ సహకార సంఘాల చట్టం. ప్రభుత్వం వాటా పెట్టదు, రిజిస్ట్రారు పెత్తనం ఉండదు. కానీ గడువులోగా సర్వసభ్య సమావేశం పెట్టకపోయినా, ఆడిట్ చేయించకపోయినా, ఎన్నిక జరపకపోయినా డైరెక్టర్లు పదవికి అనర్హులవుతారు. పైనుంచి కర్ర లేకపోతే లోపల కర్ర ఉండాలని గుర్తించిన చట్టం అది. ఆ కర్ర అప్పు తీసుకున్నావిడ మీద గాక కుర్చీలో కూర్చున్నావిడ మీద ఉండటం దానిలోని తెలివి.

చెరువులు, అడవులు, చేపల వేటలు జనమే ఎలా కాపాడుకుంటారో జీవితమంతా చదివిన ఎలినార్ ఆస్ట్రమ్‌కి 2009లో నోబెల్ వచ్చింది. ఆమె తేల్చినవాటిలో రెండు మనకు పనికొస్తాయి. తప్పు చేసినవారికి శిక్ష మొదట చిన్నదిగా ఉండాలి, మొండికేస్తే పెరగాలి. కాపలా కాసేవాళ్లు సభ్యులకు జవాబుదారీ అయి ఉండాలి. సమావేశానికి ఆలస్యమైతే ఐదు రూపాయలు, రాకపోతే పది అని తీర్మానం రాసుకున్న మన సంఘాలకు మొదటిది ఎవరూ చెప్పనక్కర్లేదు. రెండోది చెప్పినా కష్టమే.

అన్నట్టు తమిళంలో సంఘాన్ని ‘కుళు’ అంటారు. మగళిర్ సుయ ఉదవి కుళు. సొంత పొదుపు కలిపి, అందులోంచి అప్పులిచ్చుకుని, బ్యాంకు నుంచి తెచ్చుకునే జట్టు కుళు. పొదుపు అన్న ఊసే లేకుండా మైక్రోఫైనాన్స్ కంపెనీ తన అప్పు కోసం ఐదుగురినో పదిమందినో కలిపే జట్టూ వాడుకలో కుళువే. చెన్నై వాడల్లో ‘కుళు లోన్’ అంటే ఏదని అడిగి తెలుసుకోవాలి. మనకీ అదే తికమక, ‘గ్రూపు లోను’ అంటే డ్వాక్రాదా, కంపెనీదా? బయటికి రెండూ ఒకేలా ఉంటాయి. చాప, వలయంగా కూర్చున్న ఆడవాళ్లు, ఒకరికొకరు హామీ. రెండో దాంట్లో పుస్తకం కంపెనీ ఉద్యోగి సంచిలో ఉంటుంది.

ఆ తేడా ఖరీదు ఎంతో 2010లో ఆంధ్రప్రదేశ్ చూసింది. ఆగస్టులో హైదరాబాదు కంపెనీ ఎస్‌కేఎస్ షేర్లు మార్కెట్లో ఎగబడి కొన్నారు. అక్టోబరులో ప్రభుత్వం ఆర్డినెన్స్ తేవలసి వచ్చింది. మధ్యలో వచ్చినవి ఆత్మహత్యల వార్తలు. ఒకే ఇంటికి నాలుగైదు కంపెనీల అప్పు, వారం వారం వాయిదా. కట్టలేనిదాని గుమ్మం ముందు కూర్చున్నది వసూలు ఏజెంటు ఒక్కడే కాదు, పక్కింటివాళ్లు కూడా. ఆవిడ కట్టకపోతే ఆ వాయిదా వాళ్ల మీద పడుతుంది. మైలాపూరులో ఇబ్బందిని అర్థం చేసుకున్న కన్నుని ఇక్కడ కంపెనీ అద్దెకు తీసుకుంది. వాయిదా ఇవ్వడం ఆ ఇరుగుపొరుగు చేతిలో లేదు. నిలదీయడం మాత్రమే వాళ్లకు వదిలారు.

ఆ దెబ్బ తరవాత పుట్టిన మాట ఒకటుంది, ‘స్వీయ నియంత్రణ సంస్థ’. కంపెనీల సంఘం ఎంఫిన్‌కి 2014లో, సాధన్ అనే ఇంకో సంఘానికి మరుసటి ఏడాది రిజర్వు బ్యాంకు ఆ హోదా ఇచ్చింది. అప్పులిచ్చేవాళ్లు తమని తాము అదుపులో పెట్టుకుంటారని. మంచిదే. 2022లో రిజర్వు బ్యాంకు ఇంటి నెల రాబడిలో సగానికి మించి వాయిదాలు ఉండకూడదంది. అయినా 2025లో తమిళనాడు శాసనసభ బలవంతపు వసూళ్లను నేరం చేస్తూ మళ్లీ కొత్త చట్టం చేయవలసి వచ్చింది. 2003 చట్టం వడ్డీకి పేర్లు పెట్టింది, ఇది వసూలు తీరుకి పెట్టింది. అప్పు తీసుకునేవాళ్ల స్వీయ నియంత్రణకు మాత్రం ఏ హోదా కాగితమూ లేదు. నెలకోసారి చాప పరచడమే దాని హోదా.

మెరీనా లూప్ రోడ్డులో 2024లో కట్టిన చేపల మార్కెట్టుకి వెళ్లాను. నొచ్చికుప్పం, నడుకుప్పం ఆడవాళ్లు ఏళ్ల తరబడి రోడ్డంచున ఎండలో పెట్టిన దుకాణాలు ఇప్పుడు కప్పు కింద ఉన్నాయి. ఎండ తప్పింది, నీళ్లు ఉన్నాయి. బేరం తగ్గిందని కొందరు, శుభ్రంగా ఉందని కొందరు అన్నారు. ‘పెట్టుబడి ఎక్కడిదమ్మా?’ అంటే ఒకామె వేళ్ల మీద లెక్కపెట్టింది: కుళు ఒకటి, కంపెనీ కుళు ఒకటి, బంగారం కొట్టు ఒకటి, తండల్ ఒకటి. నాలుగూ ఒకేసారి ఎందుకన్నాను. ‘ఒకదానికి కట్టడానికి ఇంకోటి’ అని వంజరం చేప ముక్కలు కోస్తూ నవ్వింది. మొదటి కుళులో ఎవరు రాస్తారు పుస్తకం అని అడిగితే, పక్క దుకాణం వైపు కత్తితో చూపించింది. ‘దాని కూతురు. పన్నెండు చదివింది. తప్పు రాస్తే నేను అరుస్తాను.’

సాయంత్రం మళ్లీ కోనేటి గట్టుకి వచ్చాను. దీపాలు పెట్టే వేళ. మూరల లెక్కన పూలు తెగుతున్నాయి. స్కూటరు మీద ఒకతను వచ్చి ఆగాడు, ఇంజను ఆపలేదు. భుజానికి రెగ్జిన్ సంచి. పూలావిడ అరటాకు కింద నుంచి వంద నోటూ, చిన్న అట్టకార్డూ తీసి ఇచ్చింది. అతను కార్డు మీద ఒక గీత గీసి తిరిగి ఇచ్చి, పక్క గంప దగ్గరికి కదిలాడు. ఆవిడ కార్డుని మళ్లీ ఆకు కింద పెట్టి, చేయి తడుపుకుని, ఎంత మూర కావాలని నన్నడిగింది.